పిన్ని చెప్పించిన నిజం

మా పిన్ని కుట్టు మిషన్ల మెకానిక్. బట్టల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు సూదులు మార్చి, బెల్టులు బిగించి, మిషన్లతో వచ్చిన జపనీస్ పుస్తకాలతో కుస్తీ పట్టి ఆ భాష నేర్చుకుంది. తర్వాత టైర్ల కొట్టు పైగదిలో, జపాన్‌లో ముసలివాళ్లకు సేవ చేసే ఉద్యోగాలకు వెళ్లే నర్సులకు పాఠాలు చెప్పేది. గోళ్ల సందుల్లో మిషన్ నూనె నలుపు మాత్రం వదల్లేదు.

ఆ నర్సుల్లో నేనూ ఒకదాన్ని. పిన్నిది ఒకటే పట్టు: పాఠంలో ఎవరు ఏ వాక్యం చెప్పినా అది నిజంగా జరిగి ఉండాలి.

ఆ రోజు పాఠం 'షిమౌ'. పని పూర్తయినా అదే మాట, చేసి నాలిక కరుచుకున్నా అదే మాట.

"మనం అనమూ? 'చదివేశా' అని గొప్పగా, 'పారేసుకున్నా' అని ఏడుస్తూ," అంది పిన్ని.

ఒకామె పుస్తకం చదివేసింది. ఇంకొకామె గొడుగు బస్సులో వదిలేసింది. అందరూ నవ్వారు. నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మా ఎనిమిది మంది జపనీస్ పరీక్ష దరఖాస్తులు నా సంచిలోనే ఉన్నాయి. మూడు రోజుల కిందట పోస్టు చేస్తానని తీసుకుని మరిచిపోయాను. గడువు ఆ సాయంత్రం ఐదింటికి. తప్పు పోస్టాఫీసు మీదికి నెట్టేద్దామని పొద్దున్నుంచీ అనుకుంటున్నాను.

నా వంతు వచ్చింది. ఆ గదిలో అబద్ధం నోటికి రాలేదు.

"వసురెతె షిమాయిమాషిత," అన్నాను. మరిచిపోయాను.

"ఏంటే మరిచిపోయింది?"

కవరు తీసి బల్ల మీద పెట్టాను. నవ్వులు ఆగిపోయాయి. పిన్ని గడియారం చూసింది. నాలుగుంపావు.

"వాక్యం బాగానే ఉంది. చెప్పులేసుకో."

పరీక్షల ఆఫీసు ఊరికి అటు చివర. దారి పొడుగునా స్కూటర్ నడుపుతూనే నన్ను ఉతికి ఆరేసింది. మేం వెళ్లేసరికి గుమస్తా కిటికీ మూస్తున్నాడు.

"ఒక్క నిమిషం, బాబూ! ఎనిమిది మంది పిల్లల బతుకు," అంటూ పిన్ని ఆ నల్లటి చెయ్యి కిటికీలో పెట్టేసింది. అతను గొణుక్కుంటూ ముద్ర వేశాడు.

తిరిగి వస్తూ అడిగాను.

"పోస్టు చేశానని అబద్ధం చెప్పుంటే ఏం చేసేదానివి పిన్నీ?"

"నమ్మేసేదాన్నే," అంది.

ఆ మాటకు ఏడుపాగలేదు. ఆమె నడుం గట్టిగా పట్టుకుని, ఇల్లు చేరేదాకా వదల్లేదు.