వరదప్ప మామ కారు తోసిన పొద్దులు

తమిళనాడు గుడియాత్తంలో మా వీధి ఇరుకు. రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సిందే. అలాంటి వీధిలో కారున్న మనిషి ఒక్కడే, వరదప్ప మామ. ఆ కారేమో పొద్దున పూట నలుగురు తోస్తే తప్ప లేచేది కాదు.

నాకు ఆయన వరుసకు మామ. మాది ఎదురిల్లు. నేను మార్కెట్టు దగ్గర లారీలకు మూటలు ఎత్తీ దించే కూలీని. మామది నేతపని. మీసం మొలవక ముందే గుంటమగ్గంలో కాళ్లు పెట్టినవాడు. ఆయన నేసిన లుంగీ కట్టని ఇల్లు ఈ వీధిలో లేదు.

మా చిన్నప్పుడు తెల్లారితే చాలు, వీధి పొడవునా పడుగు, మగ్గం మీదికెక్కే నిలువు దారాలు, చాచేవాళ్లు. ఈ కొసన ఇద్దరు, ఆ కొసన ఇద్దరు లాగి పట్టుకుంటే, మధ్యలో పెద్ద కుంచెలతో గంజి పెడుతూ మనుషులు అటూ ఇటూ నడిచేవాళ్లు. ఆడవాళ్లు తెగిన పోగులు ముడేసేవాళ్లు. ఎండ ముదిరేలోపు పని అయిపోవాలి కాబట్టి ఇంటికొకరు రావాల్సిందే. ఇవాళ ఒకరి పడుగు, రేపు ఇంకొకరిది. చేతులు పని చేస్తుంటే నోళ్లు ఊరికే ఉండేవి కావు. ఎవరింట్లో గొడవ, ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది, అన్నీ ఆ దారాల మీదుగానే ఇటునుంచి అటు పోయేవి. వరదప్ప మామది పెద్ద గొంతు. ఆ కొసన నిలబడి “లాగండప్పా!” అంటే ఈ కొసన కుక్కలు లేచి నిలబడేవి.

తర్వాత పవర్‌లూములు వచ్చాయి. గంజి పెట్టిన పడుగు చుట్టలు చుట్టుకుని మిల్లు నుంచే దిగుతుంది. పొద్దున్నే వీధిలోకి రావాల్సిన పని ఎవరికీ లేకపోయింది. మామ మగ్గం ఊడదీసి, గుంట పూడ్చి, ఊరి చివర ఒక పవర్‌లూము షెడ్డులో పనికి చేరాడు. ఆ షెడ్డులో మగ్గాల మోతకు పక్క మనిషి అరిచినా వినపడదు. అక్కడ అందరూ చేతి సైగలతోనే బతుకుతారు. పొద్దున పోయిన మనిషి సాయంత్రం దాకా ఒక్క మాట మాట్లాడకుండా తిరిగొస్తాడు.

ఇంట్లో మాట్లాడ్డానికి అమ్మణి అత్త ఉండేది. వాళ్లకు పిల్లలు లేరు. అత్తకు మూత్రపిండాల జబ్బు వచ్చి వారానికి రెండుసార్లు వేలూరు ఆసుపత్రికి పోవాల్సి వచ్చినప్పుడు, బస్సులో నిలబడలేకపోతోందని మామ ఈ డీజిల్ కారు కొన్నాడు. కాట్పాడిలో ఒక పంతులు వాడి వదిలేసిన బండి. యాభై దాటాక స్టీరింగు పట్టుకోవడం నేర్చుకున్నాడు. మగ్గం పలకలు రెండు తెచ్చి ఇంటి పక్క కాలువ మీద అడ్డంగా వేశాడు. వాటి మీదుగానే కారు ఖాళీ జాగాలోకి ఎక్కేది, వీధిలోకి దిగేది.

డీజిల్ బండికి పొద్దున ఒక మర్యాద ఉంటుంది. తాళం సగం తిప్పి ఆగాలి. ముందు పసుపు రంగు దీపం వెలుగుతుంది. ఇంజను లోపల హీటర్ ప్లగ్గులు వేడెక్కాక అది ఆరిపోతుంది. అప్పుడు పూర్తిగా తిప్పాలి. ఆ దీపం చూసే పని అత్తది. పక్క సీట్లో ముడుచుకుని కూర్చుని “ఆరిపోయింది, తిప్పు” అనేది. మామ తొందరపడి ముందే తిప్పితే తిట్టేది.

“ఆకలికి అన్నం తట్ట ముందర కూర్చున్నట్టు ఆ తొందరేంది నీకు? దాన్ని కొంచెం కాగనీ.”

అత్త పోయి రెండేళ్లవుతుంది. కారు అమ్మేస్తాడనుకున్నాం. అమ్మలేదు. సైకిల్ మీద పోయే షెడ్డుకు కారులో పోవడం మొదలుపెట్టాడు. పోయిన వానాకాలంలో ఒక పొద్దున అది లేవలేదు. దీపం వెలుగుతోంది, ఆరుతోంది, తాళం తిప్పితే ఇంజను గురగురమని తెల్లటి పొగ వదిలి ఊరుకుంటోంది. తిప్పీ తిప్పీ బ్యాటరీ కూడా దిగిపోయింది. నేను తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వచ్చాను. ఎదురు వరుసలో ఉండే గోపినాథ్ వచ్చాడు. వాడు ఆంబూరు వైపు చెప్పుల కంపెనీలో పని చేస్తాడు, కంపెనీ బస్సు కోసం ఆ వేళకే బయల్దేరతాడు. నీళ్ల బిందెలు పెట్టేసి ఇంకో ఇద్దరు వచ్చారు.

“తోయండప్పా!” అన్నాడు మామ.

ఎన్నో ఏళ్ల తర్వాత విన్నాను ఆ గొంతు.

సెకండు గేరులో పెట్టి, మేము పరిగెత్తి తోస్తుంటే వీధి చివర క్లచ్చు వదిలాడు. బండి దగ్గి, దులుపుకుని, లేచింది. మామ దాన్ని అక్కడే ఆపి, ఇంజను ఆడుతుండగానే దిగి, అందరి చేతులూ పట్టుకున్నాడు.

మరుసటి రోజూ అంతే. మూడో రోజు ఆయన ఫ్లాస్కు నిండా శొంఠి కాఫీ కాచి తెచ్చాడు. వీధి చివర బానెట్టు మీద గ్లాసులు పెట్టి పోశాడు. ఇంజను వేడికి గ్లాసులు చల్లారేవి కావు. పొగలో నిలబడి తాగుతూ అందరం మాట్లాడుకునేవాళ్లం.

“మామా, సైకిల్లో పోయింటే ఈ పొద్దుకి షెడ్డులో ఒక లుంగీ నేసేసి ఉంటావు,” అనేవాడు గోపినాథ్.

“నువ్వు తోసే తోపుకి ఎద్దు నయంరా. చెప్పులు కుట్టి కుట్టి నీ చేతులు మెత్తబడినాయి.”

“ఎద్దుకి గడ్డేస్తారు మామా. నువ్వు శొంఠినీళ్లు పోస్తా ఉండావు.”

“చిన్నమణీ, చూడు వీడి నోరు! వీళ్ల తాత గూడా ఇట్లే. పడుగు పట్టేదానికి వచ్చి కతలు చెప్పి పొయ్యేవాడు,” అనేవాడు మామ నా వైపు తిరిగి.

మళ్లీ ఎవరింట్లో ఏమిటో, ఎవరికి ఒంట్లో బాగాలేదో అందరికీ తెలిసేది. నేను లోడు దించే చోటికి ఆ శొంఠి కారం గొంతులో పెట్టుకుని పోయేవాణ్ణి. భుజం నొప్పి కూడా కొంచెం తక్కువగా అనిపించేది.

రోజు మొత్తంలో మామకు మాటలు దొరికేది ఆ కాసేపే. అది నాకు తెలుసు. నా భార్య లోకేశ్వరికి ఇంకా బాగా తెలుసు. సాయంత్రం ఆయన ఇంట్లో రేడియో మోగినా మనిషి అలికిడి ఉండదనేది.

ఒక ఆదివారం మెకానిక్ జెబరాజ్ అటుగా పోతూ ఆగి బానెట్టు ఎత్తి చూశాడు. అత్త ఉన్నప్పుడు ఆ బండికి ఆయిలు మార్చేది అతనే.

“అన్నా, ఇదు పెరియ వేల ఇల్ల, పెద్ద పనేం కాదు. హీటర్ ప్లగ్గులు రొండు కాలిపోయినాయి, అంతే. దీపం వెలిగితే సరిపోతాదా, లోపల వేడి రావద్దా? రేపే మార్చేస్తా.”

“వచ్చే వారం చూద్దాంలే నాయనా.”

“పోయిన నెల గూడా ఇదే చెప్తివి. దుడ్డు నువ్వు ఎప్పుడన్నా ఇయ్యి, నేనేం అడిగినానా?”

“దుడ్డు కాదప్పా. మద్దేనానికి ఎట్లా ఒక్క తిప్పుకే లేస్తా ఉండాది గదా. పొద్దున్నే నాలుగు చేతులు పడితే దానికీ బాగుంటాది. ఉండనీ.”

జెబరాజ్ నా వైపు చూసి నవ్వాడు. నేను బానెట్టు దించాను.

ఎండాకాలం దగ్గర పడేసరికి తోసేవాళ్లు తగ్గారు. ఒకాయనకు నడుం పట్టేసింది. ఇంకొకాయన కూతురింటికి ఒడుగత్తూరు పోయి అక్కడే ఉండిపోయాడు. గోపినాథ్‌కు రెండుసార్లు కంపెనీ బస్సు తప్పిపోయి సగం జీతం పోయింది. మిగిలిన ఇద్దరం తోస్తే సరిపోయేది కాదు. మామ కూడా దిగి ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని తోసేవాడు. లేచాక ఆయాసంతో మాట రాక, ఊరికే గ్లాసులు అందించేవాడు.

“ఈయన పడిపోతాడు ఒకరోజు,” అన్నాడు గోపినాథ్ నాతో. “మనమే బాగు చేయించేద్దాం. చెప్పొద్దు. చెప్తే వద్దంటాడు.”

వాడు మంచికే అన్నాడు. బస్సు తప్పకూడదని కూడా అన్నాడేమో, అందులో తప్పేముంది? వీధిలో తలా కొంచెం వేసుకున్నాం. మేల్పాడిలో చుట్టాల పెళ్లికి మామ బస్సులో పోయిన రోజు జెబరాజ్ వచ్చాడు. నీళ్ల లారీ వస్తే బండి జరపాలని తాళాలు ఎప్పుడూ లోకేశ్వరి దగ్గరే ఇచ్చిపోయేవాడు మామ. ఆ తాళాలు అడిగితే లోకేశ్వరి వెంటనే ఇవ్వలేదు.

“ఆయన్ని ఒక మాట అడిగినారా?”

“బాగు చేసేదానికి అడిగేదేంది వదినా?” అన్నాడు గోపినాథ్.

ఆమె తాళాలు ఇచ్చి లోపలికి పోయింది.

కొత్త ప్లగ్గులు బిగించడానికి ఎక్కువసేపు పట్టలేదు. జెబరాజ్ డీజిల్ ఫిల్టరులో చేరిన నీళ్లు కూడా వదిలేశాడు. బ్యాటరీ తీసుకుపోయి ఛార్జి పెట్టి తెచ్చాడు. పాతవి రెండూ నా చేతిలో పెట్టాడు. చిటికెనవేలంత ఉన్నాయి, కొసలు కాలి నల్లబడి.

మరుసటి పొద్దున మామ ఎప్పటిలాగే ఫ్లాస్కు తెచ్చి వెనక సీట్లో పెట్టాడు. తాళం పెట్టాడు. మేమందరం గోడ పక్కన నవ్వు ఆపుకుంటూ నిలబడ్డాం. పసుపు దీపం ఆరింది. తాళం తిప్పీ తిప్పక ముందే ఇంజను లేచింది.

చప్పట్లు కొట్టాం. గోపినాథ్ ఈల వేశాడు.

“ఎట్లుండాది మామా మా బహుమానం? ఇంగ రాజా మాదిరి పో!”

మామ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. తర్వాత దిగి అందరికీ దండం పెట్టాడు.

“ఎందుకప్పా మీకింత శ్రమ,” అన్నాడు. గొంతు చిన్నగా ఉంది. “ఉండండి, కాఫీ పోస్తా. పొయ్యేది ఉండేదే గదా.”

గోపినాథ్ నిలబడే రెండు గుటకల్లో తాగి బస్సుకు పరిగెత్తాడు. బానెట్టు ఇంకా చల్లగానే ఉంది. కాఫీ తొందరగా ఆరిపోయింది. మిగతావాళ్లు గ్లాసులు పెట్టేసి వెళ్లారు.

రెండో రోజు నేను ఒక్కణ్ణే బయటికి వచ్చాను, అదీ పనికి పోతూ. ఆ తర్వాత లారీలు ముందే వస్తున్నాయని నేనూ ముందే పోయాను. తోసే పని లేనప్పుడు వీధిలోకి ఎవరు వస్తారు? లోకేశ్వరి చెప్పేది, ఆయన రోజూ ఫ్లాస్కు పెట్టుకునే పోతున్నాడని, సాయంత్రం దాన్ని కాలువలో వంపుతున్నాడని.

“నువ్వన్నా పిలిచి మాట్లాడకూడదా?” అన్నాను.

“పిలిస్తే వస్తాడా? ఆ మనిషి సాయం అడిగేదానికి ఒక నెపం ఉండింది, దాన్ని మీరు ఊడదీసేసినారు.”

 జెబరాజ్ ఇచ్చిన పాత ప్లగ్గులు రెండూ ఇంకా మా కిటికీలోనే ఉన్నాయి.

మొన్న శుక్రవారం లోడు లేదు. చాపలో పడుకునే ఉన్నాను. బయట ఇంజను లేచిన చప్పుడు. వెంటనే ఆగింది. మళ్లీ లేచింది. మళ్లీ ఆగింది. పాడైందేమో అనుకున్నాను. ఇంకోసారి లేచి, ఆగింది. పాడైన బండి అలా లేవదు.

లోకేశ్వరి పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది, “లేచి పో.”

తువ్వాలు తీసుకుని వెళ్లాను. వీధిలో ముగ్గులే గానీ మనుషులెవరూ లేరు. కారు పలకలు దిగి వీధిలో నిలబడి ఉంది. మామ అద్దంలో నన్ను చూసి సర్దుకుని కూర్చున్నాడు.

“ఏం లేదు నాయనా. బ్యాటరీ ఎట్లుండాదో చూస్తా ఉండా.”

“ఎట్లుండాది?”

“బాగుండాది.” స్టీరింగు తుడుస్తూ, “శానా బాగుండాది,” అన్నాడు.

నేను వెనక్కి పోయి డిక్కీ మీద రెండు చేతులూ ఆనించాను.

“ఏం చేస్తా ఉండావు రా?”

“తోస్తా మామా.”

“బండి స్టార్టయ్యే ఉండాది గదరా పిచ్చోడా!”

“ఉంటే ఉండనీ. పోనీ నువ్వు.”

 ఫస్టు గేరు పడిన చప్పుడు వినిపించింది. కారు కదిలింది. నా నడకకు మించి ఒక్క అడుగు కూడా ముందుకు పోకుండా ఆయన క్లచ్చు పట్టి పట్టి వదులుతున్నాడు. నా చేతులకు బరువే తగల్లేదు. మూటలు మోసిన చేతులకు అది తెలుస్తుంది. అయినా మోచేతులు బిగించి వంగే నడిచాను.

గోపినాథ్ పళ్లు తోముకుంటూ వాకిట్లోకి వచ్చి చూశాడు.

“ఏంది, మళ్లీ పోయిందా? జెబరాజ్‌కి ఫోన్ చెయ్యనా?”

“వద్దప్పా, వద్దు!” అని లోపలి నుంచి మామ గట్టిగా అరిచాడు. వీధంతా వినపడేంత గట్టిగా.

వాడు చేత్తో సరే అని సైగ చేసి నోరు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు. వాడి బస్సు వేళ అయింది.

వీధి చివర కారు ఆగింది. మామ దిగి ఫ్లాస్కు తెచ్చాడు. బానెట్టు మీద అలవాటుగా ఐదు గ్లాసులు వరసగా పెట్టాడు. వెనక్కి తిరిగి వీధి పొడవునా ఒకసారి చూశాడు. మూడు గ్లాసులు తీసి, ఒకదాంట్లో ఒకటి పెట్టి, మళ్లీ సంచీలో వేశాడు.

“ఈ మధ్య ఎట్లుండాది నీ భుజం?” అని అడుగుతూ నాకు కాఫీ పోశాడు.