ఎత్తు బండి, ఎడమ అంచు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది నన్ను నంద్యాల షోరూమ్ నుంచి ఆళ్లగడ్డ బ్రాంచికి సేల్స్ మేనేజరుగా వేశారు. మోటారు సైకిళ్లు అమ్ముతూనే తల నెరిసినవాణ్ని. రిటైరయ్యేలోపు ఆ బ్రాంచిని గాడిన పెట్టాలని మా యజమాని కోరిక. పేరుకు మేనేజరునే గానీ, టెస్ట్ రైడ్ పని మాత్రం ఎవరికీ వదిలేవాణ్ని కాదు. కొనేముందు గిరాకీ చేత బండి నడిపించి చూడడమే టెస్ట్ రైడ్. లైసెన్సు చూడాలి, హెల్మెట్ పెట్టించాలి, బ్రేకులు, టైర్లలో గాలి సరిచూడాలి, మొదటి రౌండులో మా మనిషి వెనక కూర్చోవాలి. ఇదంతా కంపెనీ పద్ధతి. రోజూ వెనక కూర్చునే మనిషిని కూడా వెంట తెచ్చుకోమనడం నా సొంత చాదస్తం.

ఆ వానాకాలంలో శిరివెళ్ల దగ్గరి పల్లె నుంచి పాస్టర్ దేవదానం గారు, ఆయన భార్య సునందమ్మ గారు వచ్చారు. ఆదివారాలు ఇద్దరూ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి ప్రార్థనలు జరిపేవారు. అంతకుముందు ఏడాది నల్లరేగడి బురదలో పాత బండి కూరుకుపోయి ఒరిగితే ఆమె ఎడమ కాలు విరిగింది. లోపల రాడ్ వేశారు. మళ్లీ అదే కాలి మీద పడితే నడక మీద ఆశ వదులుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడట. అందుకే పాస్టర్ గారు బురదకు అందనంత ఎత్తున్న మోడల్ ఎంచుకున్నారు. ఆయన కోసం నంద్యాల నుంచి డెమో బండి తెప్పించాను గానీ, ఆయన దాని మీద కూర్చోగానే నాకు గుబులు మొదలైంది. మనిషి పొట్టి. మునివేళ్లు తప్ప పాదాలు నేలకు ఆనడం లేదు.

"అందుతాండాయి లేన్నా," అన్నారు ఆయన. నాకు కనిపించినంతవరకు అందుతున్నవి చెప్పుల కొసలే.

మొదటి రౌండులో నేను వెనక కూర్చున్నాను. హైవే మీద ఏ ఇబ్బందీ రాలేదు. కదులుతున్న బండికి పొట్టి, పొడుగు తేడా ఉండదు, ఆపినప్పుడే బయటపడుతుంది. ఆయన ఆపినప్పుడల్లా నా కాళ్లు కూడా నేల మీదే ఉన్నాయి కాబట్టి ఆ పరీక్షను నేను లెక్కలోకి తీసుకోలేదు. పాస్టర్ గారు మాత్రం సంబరపడిపోయారు.

రెండో రౌండుకు సునందమ్మ గారు ఎక్కారు. కాలు విరిగాక ఆమె బండెక్కడం అదే మొదలు. చీర కట్టిన ఆడవాళ్లందరి లాగే రెండు కాళ్లూ ఎడమ పక్కకే వేసి కూర్చుని, భర్త భుజం గట్టిగా పట్టుకున్నారు. నేను స్కూటర్ మీద వెనకే బయల్దేరాను. దారి పొడుగునా నా చూపు ఆమె కాలి మీదే ఉంది.

హైవే దిగి పల్లె రోడ్డు పట్టగానే ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. పాస్టర్ గారు బండిని ఎడమ అంచుకు తీసి ఆపారు. రోడ్డు నడుమ ఎత్తుగానూ అంచున వాలుగానూ ఉంటుంది కదా. ఆయన ఎడమ కాలు దించితే నేల తగల్లేదు. ఇంకాస్త వంగారు. బండి ఒరిగింది, ఆమె బరువంతా అటే ఉంది. నేను స్కూటర్‌ను అలాగే పడేసి పరిగెత్తి బండికి భుజం అడ్డం పెట్టాను. ట్రాక్టరాయన దూకి వచ్చి ఆమెను దించాడు. ఆమె కాలికి ఏమీ కాలేదు.

పాస్టర్ గారు బండి దిగేశారు. "ఈ బండొద్దు. ఇంటికి పోదాం పా," అన్నారు భార్యతో.

"ఆ పాత బండి మీద్నే కదా కాలిరిగింది. మళ్లా దాని మీద్నే తిరుగుదామా?" అని, ఆమె నా వైపు తిరిగారు. "ఎందుకు ఒరిగెనన్నా?"

ఉన్నమాట చెప్పాను. రోడ్డు వాలు ఎడమకే, మీ బరువూ ఎడమకే. బరువు నడుమ ఉంటే, ఆయన చేతి బ్రేకు పట్టి, ఎత్తుగా ఉన్న కుడి పక్క కాలు దించి ఆపుకోవచ్చు.

"అంటే నేను రెండు పక్కలా కాళ్లేసుకుంటే నిలబడుతుందా?"

"నిలబడాలమ్మా. ఆపి చూస్తేగానీ మాటివ్వలేను."

పాస్టర్ గారు గొంతు తగ్గించారు. "అయ్యగారి భార్య మగోళ్ల మాదిరి కూచోని వస్తాందంటే సంఘంలో ఏమనుకుంటారో."

"కాలు నాదిప్పా, సంఘానిది కాదు," అన్నారు ఆమె.

కొంచెం ముందు కల్వర్టు గోడ ఉంటే బండిని దాని పక్కకు నెట్టాం. ఆమె గోడెక్కి, కుచ్చిళ్లు పైకి దోపుకుని, అటూ ఇటూ కాళ్లు వేసి కూర్చున్నారు. నేను ఎడమ పక్కన చేతులు చాచి నడుస్తుంటే, ఆయన మెల్లగా పోనిచ్చి అదే అంచున ఆపారు. మొదటిసారి ఊగింది, పట్టుకున్నాను. మళ్లీ ఆపమన్నాను. ఈసారి కుడి పాదం పూర్తిగా నేలకు ఆనింది, బండి కదలకుండా నిలబడింది. నా చేతులు వెనక్కి తీసుకునేంత ధైర్యం వచ్చేదాకా అలా ఆపిస్తూనే ఉన్నాను. ఇక చాలన్నది ఆమే.

ఆ వారంలోనే బండి తీసుకున్నారు. డెలివరీ రోజున ఆమె చుడీదార్ వేసుకుని వచ్చారు.

ఆ సంగతితో నా పద్ధతిలో రెండు విషయాలు చేరాయి. ఎత్తు బండిని పల్లె రోడ్డు ఎడమ అంచున ఆపించి చూడకుండా టెస్ట్ రైడ్ అయిందని సంతకం పెట్టకూడదు. వెనక మనిషి ఎలా కూర్చుంటారో ముందే అడగాలి. రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను. నడిపేవాళ్లలో చాలామంది నవ్వేవారు. వెనక కూర్చునేవాళ్లు ఒక్కరూ నవ్వలేదు.