అవ్వ తెచ్చిన చామంతి కుదురు

నా చిన్నప్పుడు, ఇంకా తెలంగాణ రాకముందు, మేము గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. నేను నాలుగో తరగతి ముగించిన ఎండాకాలంలో గనిలో కప్పు కూలింది. దాని కింద మా నాయన, ఆయనతో జోడీగా పనిచేసే ఆయన తమ్ముడు, మా కాక, ఇద్దరూ పడ్డారు. కాక ప్రాణంతో పైకి రాలేదు. నాయన వచ్చాడు గాని, దవాఖానాలో ఆయన కుడికాలు మోకాలి కిందికి తీసేశారు.

ఇంటికి వచ్చాక నాయన మాట్లాడటం దాదాపు మానేశాడు. వరండాలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. షిఫ్టు సైరన్ మోగినప్పుడల్లా దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు. చూడటానికి వచ్చినవాళ్లు ధైర్యం చెప్పి, చాయ్ తాగి పోయేవారు. కాక ఇల్లు మా వెనక వరుసలోనే ఉంది. కాక భార్య, మా చిన్నమ్మ, ఎట్లుందో అని అమ్మ మాట ఎత్తితే చాలు, నాయన కళ్లు మూసుకునేవాడు. ఆ ఇంటికి కబురు కూడా పంపలేదు.

మా పక్క క్వార్టర్‌లో ఒక అవ్వ ఉండేది. చర్చి బడిలో చాలాకాలం పాఠాలు చెప్పి, ముసలితనంలో కొడుకు దగ్గరికి చేరింది. చామంతులంటే ఆమెకు ప్రాణం. చలికాలం పూలయిపోగానే కొమ్మల్ని మొదలుకంటా కత్తిరించి, ఎండలు ముదిరినన్నాళ్లూ తడి ఆరకుండా ఆ మొదళ్లను కాపాడేది. తొలకరి పడ్డాక వాటి చుట్టూ పిలకలు లేచేవి.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో, ఒక పొద్దున అవ్వ పెద్ద చామంతి కుదురును మట్టితో సహా తట్టలో పెట్టుకొచ్చి నాయన మంచం పక్కన దించింది.

"బిడ్డా, మా ఇంటి ముంగట ఎండ పడ్తలేదు. ఈ పిలకలు విడదీసి మీ వాకిట్ల నాటు. నాకు నడుము వంగుతలేదు."

"నాతోని కాదవ్వా. తీస్కపో," అన్నాడు నాయన, ఇటు తిరగకుండానే.

"నేను కాసిపేట పోతున్న, మా బిడ్డ కాన్పుకు. నేనొచ్చేదాక వీటి ఫికర్ నీదే."

అంతే, వెళ్లిపోయింది. నేను వెంట పరుగెత్తాను. ఆ ఎండాకాలమంతా ఆమె తన వాకిట్లోనే మిరపకాయలు ఎండబోయడం నేను చూశాను.

"అవ్వా, మీ ఇంటి ముంగట మస్తు ఎండ ఉంటది గదా?"

అవ్వ ఆగి నా తల మీద చెయ్యి పెట్టింది. "ఉంటది బిడ్డా. మీ నాయినకు చెప్పకు," అంది.

అమ్మకు కూడా ఆ తట్ట ముట్టుకోవద్దని చెప్పి పోయిందట. వానలు మొహం చాటేశాయి. ఎండ కాసింది. ఆకుల మీద బొగ్గు దుమ్ము పేరుకుంది. పిలకలు తలలు వాల్చేశాయి. నాయన వాటివైపు చూడటం నేను గమనించాను. చూసి మళ్లీ గోడవైపు తిరిగేవాడు.

ఒకనాడు మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. అమ్మ రేషన్ బియ్యానికి పోయింది. ఇంట్లోకి పరుగెత్తి వెతికాను. బయటికి వచ్చి చూస్తే నాయన వాకిట్లో ఆ చివర, గోడ మూలన నేల మీద కూర్చుని ఉన్నాడు. మెట్ల మీంచి కూర్చునే జరుగుతూ దిగినట్టున్నాడు, లుంగీ నిండా మట్టి. కుదురు ఒళ్లో పెట్టుకుని పిలకలు విడదీస్తున్నాడు.

"ఇట్ల రా. చెంబుల నీళ్లు తే. వేరు తెగకుంట మెల్లగ పట్టుకో," అన్నాడు.

ఎన్నాళ్లకో నాతో అన్న మాటలవి. ఇద్దరం కలిసి నాటుతూ పోయాం. నడుమ ఒక పిలక చేతిలో పట్టుకుని నాయన ఆగిపోయాడు.

"మీ కాక చెయ్యి నా చేతులనే ఉండె బిడ్డా," అన్నాడు. "గట్టిగనే పట్టుకున్న. అయినా చల్లబడ్డది."

అని ఒక్కసారిగా గొంతెత్తి ఏడ్చాడు. మా నాయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక, నాటిన మొక్కలకే మళ్లీ నీళ్లు పోస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ఆయన మొహం తుడుచుకుని, చేతిలోది కూడా నాటాడు.

చలికాలానికి వాకిలంతా పచ్చని చామంతులు పూశాయి. కాసిపేట నుంచి తిరిగొచ్చిన అవ్వ ఆ పూలను ఆదివారం చర్చికి పట్టుకుపోయేది. తన వాకిట్లో ఎండ సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

మరుసటి వానాకాలం నాయన చంకకర్రల మీద లేచి నిలబడ్డాడు. పిలకలు నింపిన గంప నా నెత్తిన పెట్టి, వెనక వరుసకు నడిచాడు. చిన్నమ్మ గడపలోకి వచ్చింది.

"ఇన్నొద్దులు ఎందుకు రాలేదు బావా?" అంది.

నాయన తల వంచుకుని, "ఇవి ఏడ పెడుదామమ్మా?" అని అడిగాడు.

చిన్నమ్మ లోపలికి పోయి గడ్డపార తెచ్చింది. ఆమె తవ్వింది, ఆయన కూర్చుని నాటాడు. పొద్దుగూకేదాకా కాక గురించే మాట్లాడుకున్నారు. ఏడ్చారు. ఒకసారి, కాక చేసిన ఏదో కొంటె పని గుర్తొచ్చి, ఇద్దరూ నవ్వారు కూడా.

అవ్వ ఇప్పుడు లేదు. చావు జరిగిన ఇంటికి పోతే నాకు ఇప్పటికీ మాటలు రావు. ఆ ఇంటివాళ్ల పక్కన కూర్చుని ఏదో ఒక పని అందుకుంటాను. బియ్యం ఏరతాను, గిన్నెలు తోముతాను, కాస్త ఈ పని పట్టమని వాళ్లనే అడుగుతాను. కొంతసేపటికి వాళ్ల చేతులు కదులుతాయి. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, వాళ్లు పోయిన మనిషి పేరు ఎత్తుతారు. అప్పుడు నేను చెయ్యవలసింది వినడమే.