మొదటి లైను చదవమన్న సారు

ఈ ఉదయం నేను ఆఫీసుకు వచ్చేసరికి పాలిష్ షెడ్డులో కరెంటు లేదు. యంత్రాలు ఆగిపోయి, గొట్టంలోంచి రాయి మీద పడుతున్న నీటి చుక్కల చప్పుడు మేడ మీదికి వినిపిస్తోంది. లెక్కలు రాసే మున్షీ మెట్లెక్కి వచ్చి గడప దగ్గరే ఆగాడు.

"బిడ్డా, మీ కంప్యూటర్ సారు దవాఖానల పోయిండట. జరమొచ్చి తగ్గకపాయెనట."

కింద నుంచి మా ఫ్యాక్టరీ యజమాని సేటు విన్నాడు. "ఎవరు, ఆ జపాన్ సారా? నోరు ఆగకపాయె, పాణం ఆగిపాయె," అని నవ్వి, లారీ వచ్చిందా అని అడిగాడు.

సారు గురించి రాయాలనిపించింది. ఆయనవి తియ్యని మాటలని మాత్రం చెప్పలేను.

భువనగిరి దాటాక ఉన్న ఈ ఫ్యాక్టరీలో నల్లరాయి కోసి, అద్దంలా నునుపు చేసి జపాన్‌కు పంపుతారు. రాయి కొనే అక్కడి కంపెనీలో ఇంగ్లీషు వచ్చిన గుమాస్తా మానేశాక మెయిళ్లు జపనీస్‌లో రావడం మొదలైంది. మా తెర మీద అవి డాలరు గుర్తులూ ప్రశ్నార్థకాలూగా కనిపించేవి.

"లోడు జపాన్ల దిగింది. వాళ్లేమంటున్నరో తెల్వాలె. చేతగాకపోతే కుర్చీ ఖాళీ చెయ్యి," అన్నాడు సేటు, సారుతో. సారుకూ ఆయన ముసలి తల్లికీ ఆ కుర్చీ తప్ప ఇంకో ఆధారం లేదు.

అప్పట్లో జపనీస్ మెయిల్ చదివే ప్రోగ్రాం మాకు తయారుగా దొరికేది కాదు. దాని మూల కోడు తెచ్చుకుని లినక్స్ మీద మనమే కంపైల్ చేసి, నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవాల్సిందే. సారు హైదరాబాదు నుంచి ఫ్లాపీలు మోసుకొచ్చి, కొత్తగా చేరిన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

కంపైల్ మొదలుపెట్టగానే తెర నిండా ఎర్రర్లు జారిపోయేవి. చివరి లైను చూసి నా కళ్లలో నీళ్లు తిరిగేవి.

"కాన్వెంటుల ఏడ్సుడు గూడ ఇంగ్లీషులనే నేర్పుతరా?" అనేవాడు. రుమాలుతో తెర మీది రాతిపొడి తుడిచి, "ఆఖరి లైన్ జూసి ఏడ్వకు. మీదికి పో. మొదటి తప్పు సదువు. తతిమ్మవన్ని దాని పిల్లలే," అనేవాడు. నా చేత మొత్తం చెరిపించి మళ్లీ మొదలుపెట్టించేవాడు.

చివరికి పైకి పోయి చదివితే, జపనీస్ కోసం కోడులో చేయాల్సిన మార్పుల ఫైలే ఎక్కలేదని తెలిసింది. హైదరాబాదులో దాన్ని విండోస్ మీద దాచడంతో ప్రతి లైను చివరా కనపడని గుర్తు ఒకటి చేరింది. అవి తీసేశాక కంపైల్ అయింది. ఫాంటు పెట్టాక తెర నిండా గీతల అక్షరాలు నిలబడ్డాయి. మాలో ఎవరికీ ఒక్కటీ చదవరాదు.

"మస్తుంది," అన్నాడు సారు. ఆయన నన్ను మెచ్చుకున్నది అంతే.

ప్రింటు తీసి హైదరాబాదులో జపనీస్ వచ్చినాయనకు బస్సులో పంపాం. ఇంగ్లీషులో తిరిగివచ్చింది: తడిగుడ్డతో తుడిస్తే మీ రాయి నలుపు గుడ్డకు అంటుతోంది, కింద పగుళ్లున్నాయి, ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు, లోడు వెనక్కి పంపుతున్నాం.

పగుళ్లలో నల్లమైనం నింపి రుద్దడం షెడ్డులో అందరికీ తెలిసిన పనే. సేటు చెప్పిన పనే.

మున్షీ కాగితం పట్టుకున్నాడు. "సార్, జర ఆగు. సేటును అన్నం తిననీ. ముందుగాల ఏదన్న మంచి ముచ్చట చెప్పు, గీ సంగతి ఆఖర్ల." ఇక్కడ చెడ్డ కబురు చెప్పే పద్ధతి అది.

"ఆఖరికెల్లి చెప్పుడు నాకు రాదు," అని సారు కిందికి దిగాడు. పనివాళ్లందరి ముందు కాగితం చదివాడు. "సేటు, తప్పు జపాన్ల లేదు, కంప్యూటర్ల లేదు. మొదటి తప్పు గా మైనం డబ్బల ఉన్నది."

సేటు కేకలెయ్యలేదు. "మంచిగ సదివినవ్. ఇగ నడువు," అన్నాడు.

టిఫిను డబ్బా కోసం కూడా పైకి వెళ్లనివ్వలేదు. నేనే తెచ్చిచ్చాను.

"మొఖం గట్ల పెట్టకు," అన్నాడు సారు. "మీద మిషన్ ఆన్ ఉన్నది. బంజెయ్యి."

ఆ తర్వాత ఊళ్లో ఎవరూ ఆయనకు పని ఇవ్వకుండా సేటు చూసుకున్నాడు.

మధ్యాహ్నం సారును పూడ్చేటప్పుడు, ఆడవాళ్లు లోపలికి పోరు కనుక, ఖబరస్తాన్ గోడ బయట రోడ్డు మీద నిలబడ్డాను. అందరూ వెళ్లిపోయాక గేటులోంచి చూశాను. మట్టికుప్ప మీద చల్లిన నీళ్లు ఇంకా ఆరలేదు. గుర్తుకు ఒక కొమ్మ గుచ్చారు.

తిరిగి ఆఫీసుకు వచ్చాను. వెనక్కి వచ్చిన రాళ్లు షెడ్డు వెనక అలాగే పడి ఉన్నాయి. వానలకు మైనం పోయి పగుళ్లు తెల్లగా కనిపిస్తున్నాయి. జపాన్‌లో వాటిని సమాధుల మీద నిలబెడతారు.