ప్లస్ సీ మేడం పందెం

పెద్ద తరగతులకు లెక్కలు చెప్పే ఆవిడను పిల్లలు చాటుగా ప్లస్ సీ మేడం అనేవారు. సమాకలనం, అదే ఇంటిగ్రేషన్, చేసి చివర స్థిరాంకం, అంటే ఆ ‘ప్లస్ సీ’, రాయకపోతే ఆవిడకు ఒళ్లు మండిపోయేది. మిగతాదంతా ముత్యాల్లా రాసినా సరే, సున్నాయే. ఇంట్లో పేపర్లు దిద్దుతూ "మళ్లీ సీ మింగేశాడు వీడు!" అని పెట్టే కేకలకు వంటింట్లో తల్లి చేతిలో గరిటె ఉలిక్కిపడేది.

అలాంటి మనిషిని పెళ్లాడతానంటూ కొత్త లెక్కల మాస్టారు వెంటపడ్డాడు. నచ్చలేదా అంటే, నచ్చాడు. అదే వచ్చిన తంటా. ఇన్నేళ్లూ పెళ్లి ఊసెత్తితే చాలు తల్లి మీద కస్సుమన్న మనిషి, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఔనంటుంది?

చివరికి స్టాఫ్ రూంలో పంతానికి పోయింది.

"ఒక్కటే లెక్క. ముందు నేను చేస్తే మీరిక ఈ మాట ఎత్తకూడదు. మీరు గెలిస్తే మా అమ్మతో మాట్లాడండి."

అనేసి నాలుక కరుచుకుంది.

క్లాసులో బోర్డుకు నడిమధ్యన గీత పడింది. పందెం దేనికో తెలియకపోయినా పిల్లలు బెంచీలెక్కారు. లెక్కేమో ‘ఈ టు ది పవర్ ఎక్స్’ ఇంటూ ‘కాస్ ఎక్స్’, దాని సమాకలనం. మాస్టారు విభాగ పద్ధతి, అదే ‘బై పార్ట్స్’, పట్టుకుని, ఓ చుట్టు చుట్టి, రెండో చుట్టులో మొదటి లెక్క దగ్గరికే వచ్చాడు. దారి సరైనదే కానీ చుట్టుదారి. ఆవిడ మాత్రం కాస్‌ను సంకీర్ణ సంఖ్యల్లోకి నెట్టి, ఒక్క భాగహారం చేసి, వాస్తవ భాగాన్ని పైకి లాగి, సుద్దముక్క గాల్లోకి విసిరింది.

"అయిపోయింది!"

క్లాసంతా ఈలలు. ఆవిడ గుండె మాత్రం జారిపోయింది. ఇక అతను అడగడు.

ముందు బెంచీ పిల్ల భయం భయంగా లేచింది.

"మేడం... సీ ఏదండీ?"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. సీ లేదు! పక్కన మాస్టారు రొప్పుతూ అప్పుడే గుమ్మడికాయంత సీ పెడుతున్నాడు.

"సున్నా! మేడంకి సున్నా!" క్లాసు పైకప్పు ఎగిరిపోయేలా అరిచింది. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకుంది. సంతోషంతో ఒళ్లు తేలిపోతోంది.

ఇంటికి వెళ్లి చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి దూరింది.

"అమ్మా, ఇవాళ నేను సీ మర్చిపోయాను."

తల్లి గరిటె కింద పెట్టింది. పొయ్యి తగ్గించింది. కూతురి మొహంలోకి తేరిపార చూసింది.

"ఎవరే అతను?" అంది.