కడబంతి

వేడన్నం పడగానే అరిటాకు నుంచి లేచే పచ్చి వాసన నన్ను ఇప్పటికీ సర్వర్ గదిలోకే లాక్కెళుతుంది. నవ్వుకుంటారేమో గానీ నిజం. మొన్న రాజమండ్రిలో శారద మేడం గారి అమ్మాయి పెళ్లిలో మొదటి బంతి సాగుతుంటే, భోజనాల హాలు గుమ్మంలో నిలబడి అదే వాసన పీల్చాను. మేడం లేరు. పోయి కొన్నేళ్లయింది.

ఆవిడ నా మొదటి బాస్. ధవళేశ్వరం వెళ్లే రోడ్డులో చిన్న కంపెనీ నడిపేవారు. ఉన్నది ఒకే ఒక్క పెద్ద సర్వర్. దాన్ని లోపల్లోపలే వర్చువల్ మిషన్లుగా విడదీసి, అంటే ఒక్కోటీ సొంత కంప్యూటర్‌లా పనిచేసేట్టు చేసి, కడియం నర్సరీవాళ్లకు ఒకటి, నరసాపురం లేసు వ్యాపారికి ఒకటి, రైసుమిల్లుకు ఒకటి, అలా అద్దెకిచ్చేవారు. తమాషా ఏమిటంటే, అందరికీ ఇస్తామన్న మెమరీ మొత్తం కూడితే సర్వర్‌లో ఉన్నదానికంటే ఎక్కువ. చేరిన కొత్తలోనే ఆ లెక్క నా కంటబడింది.

"ఇది మోసం కాదాండి?" అని అడిగేశాను.

ఆవిడకు కోపం రాలేదు. వాళ్ల నాన్నగారు కోనసీమలో పెళ్లిళ్లకు వంటలు చేయించేవారట. "ఊరంతటినీ పిలుస్తాం. పందిట్లో ఊరంతా ఒకేసారి పడుతుందా? బంతులుగా తింటారు. నర్సరీవాళ్లు పొద్దున్నే ఆర్డర్లు చూసుకుంటారు, లేసువాళ్లు మధ్యాహ్నం కూర్చుంటారు, మిల్లువాళ్లు సాయంత్రం. లేచినవాళ్ల చోటు వచ్చినవాళ్లకి. పప్పు మాత్రం అందరికీ ఒకే గుండిగలోంచి." ఆఖరి మాటకు అర్థం, అన్ని మిషన్లలోనూ ఒకేలా ఉండే భాగాన్ని సర్వర్ ఒక్కసారే దాచుకుంటుందని. పుస్తకాల్లో ఎంత చదివినా బుర్రకెక్కనిది అప్పుడెక్కింది.

అందరి వేళలూ లెక్కేసిన మనిషి, కరెంటు కోతని మాత్రం లెక్కెయ్యలేదు. ఓ వేసవిలో పొద్దుటినుంచీ రెండు గోదావరి జిల్లాల్లోనూ కరెంటు లేదు. మా సర్వర్ జనరేటర్ మీద నడుస్తోంది గానీ, వాడుకునేవాళ్ల కంప్యూటర్లన్నీ ఆగిపోయాయి. మధ్యాహ్నం కరెంటు రాగానే అందరూ ఒకే బంతికి కూర్చున్నారు. మెమరీ చాలక సర్వర్, దానికంటే ఎంతో నెమ్మదైన డిస్కుని వాడుకోవడం మొదలెట్టింది. ఇక నత్తనడకే. నరసాపురం నుంచి లేసు వ్యాపారి వరలక్ష్మి గారు మేడంకి ఫోన్ చేశారు. "అమ్మా, సాయంత్రం విశాఖకి లారీ కదలాలండి. కాగితాలు రాకపోతే సరుకు ఓడెక్కదు. మా ఆడవాళ్లు నెలల తరబడి అల్లిందమ్మా ఇది."

సరిగ్గా అప్పుడే ఓ పెద్ద కాలేజీవాళ్లు మా పని చూడ్డానికి వచ్చి పక్కగదిలో కూర్చున్నారు. వాళ్లకి చూపించాల్సిందంతా అదే సర్వర్‌లో మేం వాడుకునే మా సొంత మిషన్‌లో ఉంది. ఆ కాంట్రాక్టు వస్తే రెండో సర్వర్ కొనాలని మేడం ఎన్నాళ్లుగానో ఆశపడుతున్నారు.

"మిల్లు మిషన్ ఆపేద్దామండి. వాళ్లకేం తొందర లేదు," అన్నాను.

"ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపుతామా?"

"మరెవర్ని లేపుతామండి?"

"మనల్ని. ఇంటివాళ్లు ఎప్పుడూ కడబంతికే."

కీబోర్డు తన ముందుకు లాక్కుని మా మిషన్ ఆపేశారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు కదాని నేను గొణిగాను. "ఒక్కోసారి మిగలదు కూడానూ," అన్నారావిడ, పక్కగదిలోకి వెళ్తూ.

మిగలలేదు. కాలేజీవాళ్లు టీ తాగి, చూద్దామండీ అని వెళ్లి, కాంట్రాక్టు ఓ హైదరాబాదు కంపెనీకి ఇచ్చేశారు. నరసాపురం లారీ మాత్రం కదిలింది. మర్నాడు మేడం అందరికీ ఫోన్లు చేసి, ఉన్నదానికి మించి మాటిచ్చానని తనే చెప్పారు. మిల్లువాళ్లు మానేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరికీ తెలియని సంగతి పనిగట్టుకుని చెప్పడమెందుకని ఆ నెలంతా ముఖం ముడుచుకునే తిరిగాను.

ఇప్పుడు నా చేతికింద బోలెడు సర్వర్లున్నాయి. నేనూ ఉన్నదానికి మించే మాటిస్తాను, కానీ ఆ సంగతి ముందే చెప్పి ఇస్తాను. మెమరీ చాలని రోజున మొదట ఆగాల్సింది మా సొంత మిషనే. దీనికి మావాళ్లు విసుక్కుంటూనే ఉంటారు.

పెళ్లిలో రెండో బంతికి ఆకులు వేస్తూ వంటాయన నన్ను చూశాడు. "అక్కడే నిలబడిపోయారేంటండి? రండి, కూర్చోండి."

ఆకలి దంచేస్తోంది. లోపల మేడం కూతురు పసుపు బట్టల్లో అచ్చం వాళ్లమ్మలాగే నవ్వుతోంది.

"వచ్చినవాళ్లని కూర్చోనివ్వండి," అన్నాను. "మేం ఇంటివాళ్లం."