పిడి ఊడిన సొరుగు

దయ్యాలను, చేతబడులను నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. చేతబడి కాదని ఒక ఊరికి రుజువు చేసి చూపించిన మనిషిని నేను. ఆ రుజువు నాకెలా దొరికిందో మాత్రం ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

అవి డెబ్బైల చివరి రోజులు. ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ల మీద నంబర్లు వేసే పని నాది. పదో తరగతి తప్పాక బడి మానేశాను గానీ చదువు మానలేదు. ఊళ్లో ఒక కాలేజీ లైబ్రేరియన్ గారు దయతలచి నన్ను లోపలికి రానిచ్చేవారు. కార్డుల బీరువా వాడటం ఆయనే నేర్పారు. చిన్న చిన్న సొరుగులు, ఒక్కో సొరుగులో వందల కార్డులు, ప్రతి కార్డు మీద పుస్తకం పేరు, అది ఉండే చోటు చెప్పే నంబరు. పుస్తకం చివర ఉండే ఆధారాల జాబితా పట్టుకుని పరిశోధన పత్రికల దాకా ఎలా పోవాలో కూడా ఆయనే చూపించారు. బేళ్ల మీద నంబర్లు వేసే చేతికి ఆ నంబర్లు తొందరగానే పట్టుబడ్డాయి. దాని గురించి నాకు గర్వం ఉండేది. అక్క ఊరికి పోయినప్పుడల్లా ఆ బీరువా సంగతి వినేవాళ్లకూ విననివాళ్లకూ చెప్పేవాణ్ణి.

అక్క ఊరు పెద్దకడుబూరు పక్కన. ఆ ఏడు వానాకాలం చివర అక్కడ దూడలు చావడం మొదలైంది. మేత మానేసి, పళ్లు కొరుకుతూ, ఉన్నచోటే గుండ్రంగా తిరిగి పడిపోయేవి. అక్క ఇంట్లో రెండు పోయాయి. ఇంకో రెండిళ్లలో ఒక్కోటి.

ఆ మూడిళ్లకూ మజ్జిగకు వచ్చే మనిషి ఒకతే, నర్సవ్వ. పిల్లలు లేని ముసలామె, ఊరి చివర కొట్టంలో ఉండేది. మొదట ఆమె చూపు తగిలిందన్నారు. తర్వాత చేతబడే చేసిందన్నారు. మా బావ హనుమంతు అందరికన్నా ముందుండి వచ్చే ఆదివారానికి పంచాయితీ పెట్టించాడు. కొట్టం పీకి ఆమెను ఊరు దాటించాలని. డెబ్బై ఏళ్ల మనిషి. పోవడానికి ఆమెకు ఇంకో ఊరు లేదు.

నాకు మనసొప్పలేదు. ఆ రోగం ఏదో పుస్తకాల్లో ఉంటుంది, తీసుకొచ్చి చూపిస్తానన్నాను. బావ నవ్వాడు.

"ఏం బామ్మర్దీ, నీ అట్టలు తిరగేస్తే సచ్చిన దూడ లేస్తాదా?"

మిల్లుకు సెలవు పెట్టి మూడు రోజులు వెతికాను. పశువుల నంబరు 636. ఆ సొరుగులో మొదటి కార్డు నుంచి చివరి కార్డు దాకా చూశాను. వాటిలో కనపడిన పుస్తకాలన్నీ తిరగేశాను. గాలికుంటు ఉంది, జబ్బవాపు ఉంది, గొంతువాపు ఉంది. పళ్లు కొరుకుతూ తిరిగి తిరిగి పడిపోయే దూడ ఎక్కడా లేదు.

శుక్రవారం ఉత్త చేతులతో అక్క ఊరికి పోయాను. మధ్యాహ్నం మూడవుతోంది. నర్సవ్వ కొట్టం ముందు కూర్చుని చీపుర్లు కడుతోంది. ఆమెతో అంతకుముందు నేను పది మాటలు కూడా మాట్లాడి ఉండను. ధైర్యం చెబుదామని పోయి, ఏం చెప్పాలో తెలియక నిలబడిపోయాను. ఆమె తల ఎత్తకుండానే అంది.

"గొడ్ల పెట్టెలో ఎతికితే యాడ దొరుకుతాదప్పా. బూజు పెట్టెలో సూడు. అడుగు వరసలో ఉండాది. పిడి ఊడిపోతే పచ్చ దారం కట్టినారే, అది."

బీరువా సంగతి ఊరంతా విన్నదే, నేనే చెప్పాను. దిగులుతో ముసలామె ఏదో అంటోందనుకున్నాను. కానీ బూజు అన్న మాట వదల్లేదు. అక్క ఇంటికి పోయి చూశాను. దూడలకు పెట్టే, నూనె తీయగా మిగిలిన వేరుశనగ చెక్క వానకు తడిసి పచ్చగా బూజు పట్టి ఉంది.

శనివారం లైబ్రరీ తెరిచిన కాసేపటికి పోయాను. అడుగు వరస. శిలీంధ్రాల సొరుగు, నంబరు 589. ఆ బీరువాలో ప్రతి సొరుగుకూ ఇత్తడి పిడి ఉంటుంది. దీనికి లేదు. పిడి ఉండే బెజ్జంలోంచి పచ్చ దారం ముడి వేసి ఉంది.

పిడి ఎప్పుడు ఊడిందని లైబ్రేరియన్ గారిని అడిగాను.

"ఇప్పుడే, నువ్వు రాకముందు. తుడుస్తాంటే అటెండరు సేతిలోకి వచ్చేసింది. దారం కనపడితే నేనే కట్టినా" అన్నారాయన. బల్ల మీది పిడిని కూడా చూపించారు.

అటెండరును విడిగా అడిగాను. అతనూ అదే చెప్పాడు. నిన్నటిదాకా ఆ పిడి గట్టిగానే ఉందన్నాడు. నర్సవ్వ నాతో ఆ మాట అన్నది నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు. నేను ఆ సొరుగు ముందే నేల మీద కూలబడ్డాను. కళ్లు తిరిగాయా అని లైబ్రేరియన్ గారు నీళ్లు తెప్పించారు.

తర్వాత ఆ దారం పట్టుకునే సొరుగు లాగాను. బూజుల మీద ఒక పుస్తకం దొరికింది. దాని చివరి జాబితాలో ఒక వ్యాసం, అది వచ్చిన పత్రిక సంపుటం, పేజీ ఉన్నాయి. ఆ సంపుటం వెనక గదిలో బైండు చేసి ఉంది. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో విషం పుడుతుందని, అది దూడల కాలేయాన్ని చెడగొడుతుందని, పళ్లు కొరకడం, గుండ్రంగా తిరగడం, అన్నీ ఉన్నాయి అందులో. తెలియని మాటలకు లైబ్రేరియన్ గారు అర్థం చెప్పారు. అంతా తెలుగులో రాసుకున్నాను. ఆ బైండు పుస్తకాన్ని ఆయన తన పేరు మీద ఇచ్చారు.

ఆదివారం పంచాయితీలో చదివి వినిపించాను. పుస్తకాల్లో ఎన్నైనా రాస్తారని బావ కొట్టిపారేశాడు. అప్పుడు అక్క లేచింది. లోపలికి పోయి బూజు చెక్క తెచ్చి అందరి ముందు పడేసింది.

"నర్సవ్వకు మజ్జిగ పోసేది ఏడేండ్ల నుంచి. సెక్క తడిసింది ఈ వానకే" అంది.

మిగతా రెండిళ్ల చెక్క తెప్పించి చూస్తే అదీ అలాగే ఉంది. ఆ చెక్కంతా గుంట తీసి పూడ్చారు. ఆ తర్వాత అలా చచ్చిన దూడ లేదు. కొట్టం నిలిచింది.

ఆ రోజే ఒక పెద్దాయన అడిగాడు, ఇంత చిన్న సంగతి అన్ని పుస్తకాల్లో ఎలా పట్టావప్పా అని. నర్సవ్వ అక్కడే కూర్చుని ఉంది. కార్డుల్లో దొరికిందన్నాను. నిజం చెప్పి ఉంటే ఆ రోజే ఆమెను ఊరు దాటించేవాళ్లు.

ఆమె చనిపోవడానికి ముందు ఏడు, ఎవరూ లేనప్పుడు అడిగాను. ఆ పిడి సంగతి నీకెవరు చెప్పారవ్వా అని. ఆమె నావైపు వింతగా చూసింది.

"నువ్వే గదప్పా సెప్పినావు. పుస్తకం సంకలో పెట్టుకోని వచ్చి, ఈడనే నిలబడి."

ఆ పుస్తకం నా చేతికి వచ్చిందే ఆమె పిడి మాట చెప్పిన మర్నాడు. దాన్ని పట్టుకుని నేను ఆ కొట్టం దగ్గరికి ఎప్పుడూ పోలేదు. ఆ బీరువాలో ఏ సొరుగు ఎక్కడుందో నాకు ఇప్పటికీ గుర్తే. ఈ సంగతిని ఏ నంబరు కింద పెట్టాలో మాత్రం నాకు తెలియలేదు.